సిమ్యులేటర్‌లో ఎగిరే విమానంతో కథ చెప్పాలంటే

ప్రశ్న అడిగినవారు మధురవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న విద్యార్థి. వారి ప్రశ్న క్లుప్తంగా ఇది: ఏడాదిగా యుద్ధ విమానాల సిమ్యులేటర్లు (కంప్యూటర్ మీద విమానం నడిపే ఆటలు) ఆడుతున్నారు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద బాంబులు పడిన రోజు నేపథ్యంగా పది పన్నెండు నిమిషాల కథాచిత్రం తీయాలని ఉంది. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ ఉంది. కానీ ఇంతవరకు రికార్డు చేసినవన్నీ ఆట వీడియోల్లాగే ఉంటున్నాయి తప్ప సినిమాలా అనిపించడం లేదు. ఏ సిమ్యులేటర్ వాడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, లోపం ఎక్కడుంది?

ముందు సూటిగా సమాధానం చెబుతాను. విమానం నడుపుతూ చిత్రీకరించకండి. మొదట కథ రాసుకోవాలి, తర్వాత గొంతులు రికార్డు చేయాలి, ఆ గొంతుల నిడివికి తగినట్టు విమానం నడపాలి, కెమెరా పని అన్నిటికంటే చివర రీప్లేలో, అంటే ఎగిరినదాన్ని మళ్లీ నడిపి చూసేటప్పుడు, చేయాలి. మీ వీడియోలు ఆటలా కనిపించడానికి కారణం మీ కంప్యూటరూ కాదు, మీరు వాడిన సిమ్యులేటరూ కాదు. విమానం నడిపేవాడు గెలవడానికి ఏది అవసరమో అటే చూస్తాడు. సినిమా చూసేవాడికి కథకు ఏది అవసరమో అది కనిపించాలి. ఈ రెండు చూపులూ ఒకే సమయంలో ఒకే మనిషికి సాధ్యం కావు.

నేను గాజువాకలో ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేస్తున్నాను. 2009 నుంచి ఈ పని అభిరుచిగా చేస్తున్నాను. నాలుగు నిమిషాల నుంచి ఇరవై రెండు నిమిషాల నిడివి వరకు తొమ్మిది చిత్రాలు పూర్తి చేశాను. కింద రాసినదంతా వాటిని తీస్తూ నేర్చుకున్నదే.

ఆటలతో సినిమా తీయడాన్ని మషినిమా అంటారు. 1996లో క్వేక్ అనే కాల్పుల ఆట ఆడేవారు తమ ఆటను రికార్డు చేసి చిన్న కథలుగా మలచడంతో ఇది జనంలోకి వచ్చింది. విమానాల విషయంలో మాలాంటివారికి దారి చూపింది 2001లో వచ్చిన సిమ్యులేటర్ ఐఎల్‌-2 స్టుర్మోవిక్. అందులో ఎగిరినదంతా ఒక ఫైలుగా దాచుకుని, తర్వాత తీరిగ్గా ఏ కోణం నుంచైనా మళ్లీ చూసే వీలుండేది. మనం చేసే పని మొత్తానికి ఆధారం ఆ ఒక్క సౌకర్యమే. ఏ సిమ్యులేటర్ కొనాలన్నా ముందు చూడవలసింది దాని బొమ్మల నాణ్యతను కాదు, దాని రీప్లేను.

మీ కథ 1942 నాటిది కాబట్టి ఎంపిక తేలికే. 2006లో వచ్చిన ఐఎల్‌-2 1946 పాతదే అయినా అందులో జపాన్ జీరో ఫైటర్లు, వాల్ డైవ్ బాంబర్లు, విమానవాహక నౌకలు, పసిఫిక్ దీవుల మ్యాపులు ఉన్నాయి. మీ కంప్యూటర్ మీద అది అలవోకగా నడుస్తుంది. వార్ థండర్ ఉచితం, చూడటానికి ఇంకా అందంగా ఉంటుంది, జపాన్ కేట్ బాంబర్ కూడా అందులో ఉంది. రీప్లే, స్వేచ్ఛా కెమెరా రెండూ ఉన్నాయి. మరో సిమ్యులేటర్ డీసీఎస్ వరల్డ్ ప్రధానంగా జెట్ విమానాలకు పేరుపడ్డది. అసలు ప్రోగ్రామ్, సుఖోయ్‌-25టీ విమానం, కాకసస్, మరియానా దీవుల మ్యాపులు ఉచితంగానే దొరుకుతాయి. అందులో పని చేయాలంటే 16 జీబీ కొంచెం ఇరుకు. అయితే చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. మనం తీసేది రీప్లే నుంచి కాబట్టి ఆట నిజ వేగంతో సాఫీగా నడవాల్సిన పని లేదు. రీప్లేను సగం వేగంతో నడిపి రికార్డు చేసి, ఎడిటింగులో రెండింతల వేగానికి తెస్తే, సెకనుకు ముప్పై ఫ్రేములు మాత్రమే ఇచ్చే కంప్యూటర్ కూడా అరవై ఫ్రేముల పని చేస్తుంది. నా మొదటి ఐదు చిత్రాలూ అలా తీసినవే.

ఇక కథ. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద దాడి జరిగింది. ర్యూజో అనే తేలికపాటి విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు ఆ సోమవారం అటు కాకినాడ మీద, ఇటు మన రేవు మీద బాంబులు వేశాయి. మన రేవు ఓడల రాకపోకలకు తెరుచుకుని అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. అది 1933లో మొదలైంది. మా నాయనమ్మకు అప్పుడు పదిహేడేళ్లు. బాంబుల చప్పుడు గురించి ఆవిడ పెద్దగా చెప్పేది కాదు. ఆ తర్వాత పొయ్యి మీద అన్నం కుండ అలాగే వదిలేసి బండి కట్టుకుని పల్లెకు పోయిన సంగతి, దారిలో మేక పిల్లను ఎవరు ఎత్తుకోవాలన్న తగాదా, మళ్లీ ఇంటికి వచ్చేసరికి ఆ కుండలో ఏముందన్నది మాత్రం ప్రతిసారీ చెప్పేది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ అభిరుచిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ మొదటి కథలో పెద్ద గాలి పోరాటం పెడతారు. సిమ్యులేటర్ దానికోసమే పుట్టింది కాబట్టి చేయి అటే పోతుంది. మీరు ఆ రోజు మన ఊరి మీద గాలి పోరాటం కల్పించకండి. నిజమైన తేదీ, నిజమైన ఊరు పెట్టుకున్నప్పుడు దానికి కట్టుబడి ఉండాలి. లేదంటే తేదీ లేని కల్పిత కథ రాసుకోవాలి. మీ కథకు పోరాటం అవసరమే లేదు. తూర్పు నుంచి చుక్కల్లా కనబడే విమానాలు, అవి మనవాళ్లవో కాదో తెలియక కింద నిలబడి చూసే మనుషులు ఉంటే కథకు కావలసిన ఉత్కంఠ అంతా వచ్చేస్తుంది. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో పాత పత్రికల కోసం, ఊరి చరిత్ర పుస్తకాల కోసం అడిగి చూడండి. అంతకంటే ముందు మీ ఇంట్లో, మీ వీధిలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. వాళ్ల అమ్మానాన్నల నోటి మాటలు వాళ్లకు ఇంకా గుర్తుంటాయి.

సిమ్యులేటర్‌కు ఒక పెద్ద పరిమితి ఉంది. అందులో మనుషులకు ముఖాలు ఉండవు. పైలట్ ముఖానికి మాస్కు, కళ్లకు అద్దాలు ఉంటాయి. నేల మీది మనుషులు కొయ్యబొమ్మల్లా ఉంటారు. దీన్ని కప్పిపుచ్చే ప్రయత్నంలో నా రెండో చిత్రం చెడిపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే, ముఖం చేయవలసిన పనిని గొంతు చేస్తుంది, చేతులు చేస్తాయి, యంత్రం చేస్తుంది. కాబట్టి ఒంటరి మనిషి కథ, ఎదురుచూపు కథ, రేడియోలో వినబడే మనిషి కథ, ఉత్తరం కథ ఎంచుకోండి. నలుగురు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే దృశ్యం రాయకండి.

గొంతులు ముందే రికార్డు చేయండి. సంభాషణ పద్దెనిమిది సెకన్లు ఉంటే విమానం మలుపు కూడా పద్దెనిమిది సెకన్లు ఉండాలి. ముందు విమానం నడిపి తర్వాత మాటలు అతికిస్తే మాటలు పరుగెడుతాయి, లేదా మధ్యలో ఖాళీలు మిగులుతాయి. నేను గొంతుల ఫైలును ఫోన్‌లో పెట్టుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో అది వింటూ విమానం నడుపుతాను. తల్లి మాట ముగిసే చోట రెక్క వాలుతుంది. అలా నడిపిన విమానంలో ఏదో భావం ఉన్నట్టు చూసేవాళ్లకు తెలియకుండానే తెలుస్తుంది.

భాష గురించి ఒక మాట. మన పైలట్లు రేడియోలో సాధారణంగా ఇంగ్లీషులోనే మాట్లాడతారు. తెలుగు చిత్రంలో దాన్ని ఎలా నిభాయించాలన్నది నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. చివరికి నేను స్థిరపడిన పద్ధతి ఇది: రేడియో మాటలు రెండు మూడు పొడి ముక్కల్లో, అంకెలతో, ఇంగ్లీషులోనే ఉంటాయి, పైలట్ తనలో తాను అనుకునేది, ఇంటి జ్ఞాపకాలు తెలుగులో ఉంటాయి. ఆ తెలుగు కూడా పుస్తకాల తెలుగు కాకూడదు. మా అమ్మది శ్రీకాకుళం వైపు ఊరు. ఒక చిత్రంలో తల్లి పాత్రకు ఆవిడే గొంతు ఇచ్చింది. నేను రాసిన "ఎలా ఉన్నావు నాయనా, భోజనం చేశావా" అన్న వాక్యాన్ని ఆవిడ చదవలేక, కాగితం పక్కన పెట్టి, "ఏటిరా, తిన్నావా నేదా" అంది. అదే ఉంచాను. చిత్రం మొత్తంలో నాకు ఎక్కువ ఉత్తరాలు వచ్చింది ఆ ఒక్క మాట గురించే.

రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు. తలుపులకు బొంతలు కట్టి, ఫ్యాన్ ఆపి, తెల్లవారుజామున నాలుగు గంటలకు చేస్తే మన ఊళ్లో కూడా నిశ్శబ్దం దొరుకుతుంది. ఆక్సిజన్ మాస్కులోంచి వచ్చే గొంతు కావాలంటే స్టీలు గ్లాసును నోటికి దగ్గరగా పట్టుకుని మాట్లాడించండి. తర్వాత ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగు ప్రోగ్రాములో 300 హెర్ట్జ్‌కు కింద, 3400 హెర్ట్జ్‌కు పైన ఉన్న ధ్వనిని కోసేస్తే రేడియో గొంతు అవుతుంది. మాటకు ముందూ వెనుకా చిన్న 'టక్' శబ్దం పెట్టడం మరవకండి.

ఇప్పుడు విమానం నడపడం. దీన్ని ఆటగా కాక నటనగా చూడాలి. సన్నివేశాన్ని ముందే అమర్చుకునే మిషన్ ఎడిటర్‌లో కంప్యూటర్ నడిపే విమానాలకు దారి, ఎత్తు, వేగం ఇవ్వవచ్చు. డీసీఎస్‌లోనైతే అవి దెబ్బ తగిలినా కూలకుండా, శత్రువుకు కనపడకుండా ఉండేలా కూడా ఆదేశాలు పెట్టవచ్చు. నేపథ్యంలో కనబడే గుంపుకు అవి సరిపోతాయి. కథానాయకుడి విమానాన్ని మాత్రం మనిషే నడపాలి. కంప్యూటర్ పైలట్ గీత గీసినట్టు పోతాడు. మనిషి పైలట్ కొంచెం తడబడతాడు, ఎక్కువ తిప్పి సర్దుకుంటాడు. ఆ సర్దుబాటులోనే ప్రాణం ఉంది. రెండు విమానాలు కలిసి ఎగరాల్సిన చోట మా మేనల్లుడు సీతమ్మధార నుంచి, నేను గాజువాక నుంచి ఆన్‌లైన్‌లో కలిసి ఎగిరేవాళ్లం.

రీప్లే గురించి తప్పనిసరిగా తెలుసుకోవలసిన చిక్కు ఒకటి ఉంది. కొన్ని సిమ్యులేటర్లు విమానం ఎక్కడ ఉన్నదన్నది దాచుకోవు. మీరు విమానం నడిపే కర్రను (జాయ్ స్టిక్) ఎప్పుడు ఎంత కదిపారన్నది దాచుకుని, రీప్లేలో లెక్కలన్నీ మొదటి నుంచి మళ్లీ కడతాయి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అది క్షణక్షణానికీ పెరుగుతుంది. ఒకసారి నేను ముప్పై ఎనిమిది నిమిషాలు ఎగిరి చక్కగా రన్‌వే మీద దిగాను. రీప్లేలో అదే విమానం రన్‌వేకు కొంత ముందే చెట్లలో పడిపోయింది. మూడుసార్లు నడిపితే మూడుసార్లూ అంతే. ఆ రాత్రి పని అంతా పోయింది. అప్పటి నుంచి ఏ ఫైలూ ఐదు నిమిషాలు దాటకుండా చూసుకుంటున్నాను. విమానం గాలిలోనే మొదలయ్యేలా మిషన్ తయారు చేసి, ఒక్కో దృశ్యానికి ఒక్కో ఫైలు పెడతాను. ఇంకొకటి: చిత్రం పూర్తయ్యేవరకు సిమ్యులేటర్‌ను అప్‌డేట్ చేయకండి. విమానం ఎగిరే తీరులో చిన్న మార్పు వచ్చినా పాత ఫైళ్లు దారి తప్పుతాయి. నేను ఒక సంక్రాంతి సెలవుల్లో తొందరపడి అప్‌డేట్ నొక్కి, పదకొండు దృశ్యాలు మళ్లీ ఎగరవలసి వచ్చింది. ఎగిరిన వారంలోనే ఆ దృశ్యాన్ని వీడియోగా రికార్డు చేసి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

కెమెరా దగ్గర నాకు ఉన్నది ఒకే ఒక్క సూత్రం. ప్రతి షాట్‌కూ ముందు, ఈ కెమెరా పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడని మిమ్మల్ని మీరు అడగండి. రన్‌వే పక్కన గడ్డిలోనా, ఇంకో విమానం వెనుక సీట్లోనా, కాక్‌పిట్‌లో భుజం పక్కనా? సమాధానం దొరకకపోతే ఆ షాట్ తీయకండి. విమానం చుట్టూ గద్దలా గిరగిరా తిరిగే కెమెరా సిమ్యులేటర్‌లో చాలా తేలిక, కాబట్టే ప్రతి ఆట వీడియోలోనూ అదే ఉంటుంది. డీసీఎస్‌లో ఎఫ్‌2 నొక్కితే విమానం చుట్టూ తిరిగే దృశ్యం వస్తుంది. నేను దాన్ని దాదాపు వాడను. ఎఫ్‌3తో విమానం మనల్ని దాటిపోయే దృశ్యం, ఎఫ్‌11తో నేల మీద నిలబెట్టుకునే కెమెరా, ఈ రెండే ఎక్కువగా వాడతాను. చూపు కోణాన్ని బాగా తగ్గించి దూరం నుంచి తీయండి. నాలుగు వందల మీటర్ల దూరం నుంచి అలా తీస్తే, అరవై మీటర్ల ఎడంలో ఎగిరే రెండు విమానాలు రెక్కలు రాసుకుంటున్నట్టు కనిపిస్తాయి. దగ్గర నుంచి వెడల్పు కోణంలో తీస్తే అవే విమానాలు ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటాయి.

కాక్‌పిట్ దృశ్యాలకు తల కదలికను పట్టే పరికరం ఉంటే మంచిది. ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత ప్రోగ్రామ్ మామూలు వెబ్‌క్యామ్‌తోనే ఆ పని చేస్తుంది. దానితో మీ తల కదలికే పాత్ర తల కదలిక అవుతుంది, కాబట్టి అక్కడ మీరు నిజంగా నటించాలి. నా "మూడో దీపం" అనే చిత్రంలో మిగ్‌-21 పైలట్ రాత్రి తిరిగి వస్తూ చక్రాలు దింపే మీట కిందికి నొక్కుతాడు. మూడు పచ్చ దీపాలు వెలగాలి. రెండు వెలుగుతాయి. ఆ షాట్ పదకొండు సెకన్లు ఉంటుంది. మాట లేదు, సంగీతం లేదు; మాస్కులో ఊపిరి మాత్రమే వినిపిస్తుంది. చూపు దీపాల మీద నుంచి మీట మీదికి, మీట నుంచి బయటి చీకట్లోకి, మళ్లీ దీపాల మీదికి వస్తుంది. ఏడో సెకను దగ్గర ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. దానికోసం మా మేనల్లుడిని సింహాచలం మెట్ల దారిలో పైదాకా నడిపించి, పైన నిలబెట్టి అతని ఊపిరి రికార్డు చేశాను. ఇంట్లో కూర్చుని ఆయాసపడినట్టు నటిస్తే వచ్చే ఊపిరి ఇలా ఉండదు.

దిక్కుల సంగతి మన ఊరి కథకు చాలా ముఖ్యం, దీని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. మనకు సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. డీసీఎస్ కాకసస్ మ్యాపులో జార్జియా దేశంలోని బతూమి దగ్గరి తీరం చూస్తే కొండలు సముద్రం దాకా వచ్చి, అచ్చం రుషికొండ, భీమిలి దారిలా ఉంటుంది. కానీ అక్కడ సముద్రం పడమర. సూర్యుడు నీళ్లలోకి దిగుతాడు. మొదట్లో నేను చిత్రాన్ని ఎడమను కుడిగా తిప్పేశాను. నౌకాదళంలో పని చేసి రిటైరైన ఒక ప్రేక్షకుడు వెంటనే పట్టుకున్నారు. విమానం మీద అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి, ఎడమ చేతి వైపు ఉండవలసిన థ్రాటిల్ (ఇంజన్ శక్తిని మార్చే మీట) కుడివైపుకు పోయింది. సరైన ఉపాయం వేరే ఉంది. మన తీరంలో భీమిలి వైపు, అంటే ఉత్తరంగా ఎగిరితే సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. బతూమి తీరంలో దక్షిణంగా ఎగిరితే సముద్రం కుడిచేతి వైపే ఉంటుంది. కాబట్టి అక్కడ సాయంత్రం పూట దక్షిణంగా ఎగిరితే, తెర మీద అది విశాఖలో ఉదయం పూట భీమిలి వైపు ఎగిరినట్టే ఉంటుంది. మంచు కొండలు ఫ్రేములోకి రాకుండా కెమెరాను సముద్రం వైపు పెట్టుకుంటే చాలు. మీరు ఐఎల్‌-2 1946 వాడితే పసిఫిక్ దీవుల మ్యాపుల్లో తూర్పు తీరం ఎంచుకోండి. ఈ తంటాలేవీ ఉండవు.

దీనికి తోడు, తెర మీద దిక్కును కథ మొత్తానికీ ఒకే తీరుగా ఉంచండి. వచ్చే శత్రువు ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే రావాలి. ఒక్క షాట్‌లో తారుమారైనా చూసేవాళ్లకు ఎవరు ఎటు పోతున్నారో అర్థం కాదు. ఎందుకు అర్థం కాలేదో వాళ్లు చెప్పలేరు, చూడటం మానేస్తారంతే.

ధ్వని దగ్గర మీ కథకు ఒక గొప్ప అవకాశం ఉంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రేవుకు రెండు కిలోమీటర్ల దూరంలో నిలబడి చూసేవాళ్లకు బాంబు పేలిన వెలుగు ముందు కనబడుతుంది, చప్పుడు దాదాపు ఆరు సెకన్ల తర్వాత వినబడుతుంది. ఆట వీడియోల్లో రెండూ కలిసే వస్తుంటాయి. మీరు కెమెరాను కొండ మీద, మనిషి కంటి ఎత్తులో పెట్టండి. దూరంగా రేవులో పొగ లేస్తుంది. కాకులు అరుస్తూనే ఉంటాయి. ఎవరో "ఏటది?" అంటారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోండి; ఆరో సెకనులో నేల అదిరే మోత రావాలి. అప్పుడు కాకులు ఒక్కసారిగా ఆగిపోవాలి. పెద్ద పోరాట దృశ్యం తీయడానికి పట్టే శ్రమలో పదో వంతు దీనికి పట్టదు.

శబ్దాలు ఊళ్లోనే దొరుకుతాయి. ఓడ కూతను నేను రాత్రి పూట ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫోన్‌తోనే రికార్డు చేశాను. అలల చప్పుడు కోసం ఆర్కే బీచ్‌కు వెళ్లకండి, అక్కడ బండ్ల హారన్లు తప్ప ఏమీ దొరకదు. తెల్లవారకముందు యారాడ వెళ్లండి. విమానం లోపలి ఇరుకు ఎలా ఉంటుందో తెలియాలంటే బీచ్ రోడ్డులోని టీయూ‌-142 మ్యూజియంలో ఒక గంట గడపండి. అది మీ కథలోని విమానం కాదు, కానీ తల ఎక్కడ తగులుతుందో, వైర్లు ఎలా పోతాయో, మనిషి పక్కకు ఎంత జరగగలడో చూస్తే కాక్‌పిట్ షాట్లు తీసే తీరే మారిపోతుంది.

ఎడిటింగు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రికార్డింగుకు ఓబీఎస్, ఎడిటింగుకు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతాయి. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 22 జీబీకి పైగా స్థలం పడుతుంది కాబట్టి విడిగా ఒక హార్డ్‌డిస్క్ పెట్టుకోండి. తెర మీది అంకెలు, సూచనలు, చాట్ పెట్టెలు అన్నీ ఆపేయండి. నాకు పూర్తయిన ఒక నిమిషం చిత్రానికి సగటున ఏడెనిమిది గంటల పని పట్టింది. పన్నెండు నిమిషాల చిత్రమంటే, కాలేజీ చదువుకుంటూ ఆదివారాలే పని చేస్తే నాలుగు నెలలు పెట్టుకోండి. పరీక్షల ముందు మొదలుపెట్టకండి.

మూడు జాగ్రత్తలు గట్టిగా చెబుతున్నాను. మొదటిది, సిమ్యులేటర్‌లో లేని దృశ్యాల కోసం ఫోన్ పట్టుకుని ఊళ్లో తిరిగేటప్పుడు నౌకాదళం ఆవరణల వైపు, ఐఎన్‌ఎస్ డేగా (నౌకాదళ విమాన స్థావరం) వైపు, డాక్‌యార్డు వైపు కెమెరా తిప్పకండి. డ్రోన్ ఎగరేసే ఆలోచన అసలే వద్దు. రెండోది, ప్రతి షాట్ మూలన "సిమ్యులేటర్ దృశ్యం" అని చిన్నగా, చెరపడానికి వీల్లేకుండా రాయండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్లో డీసీఎస్‌లో తీసిన ఒక ముక్క నిజమైన యుద్ధ దృశ్యంగా ప్రపంచమంతా తిరిగింది. మన పని ఎవరో కత్తిరించి భయం పుట్టించడానికి వాడితే, ఆ తప్పులో మనకూ భాగం ఉంటుంది. మూడోది సంగీతం. సినిమా పాట వాడితే యూట్యూబ్ దాన్ని గుర్తుపట్టి మీ చిత్రాన్ని ఆపేయవచ్చు. మీ కాలేజీలో వేణువు, వయొలిన్ వాయించేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లను అడగండి. చిత్రంతో డబ్బు సంపాదించే ఉద్దేశం ఉంటే ఆ సిమ్యులేటర్ నిబంధనలు ముందుగా చదవండి, అవి ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటాయి.

మొదలు ఎక్కడ అన్నారు కదా. పన్నెండు నిమిషాల స్క్రిప్టును వెంటనే ముట్టుకోకండి. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దావిడ ఎవరినైనా కూర్చోబెట్టి, తన చిన్నప్పుడు ఇల్లు వదిలి ఊరు వెళ్లిన సంగతి ఒకటి చెప్పించి రికార్డు చేయండి. అందులోంచి తొంభై సెకన్లు తీసుకోండి. ఆ గొంతు వింటూ, తీరం వెంట ఒకే ఒక్క విమానాన్ని నడపండి. రీప్లేలో మూడే షాట్లు తీయండి: నేల మీద నుంచి ఒకటి, కాక్‌పిట్‌లోంచి ఒకటి, బాగా దూరం నుంచి ఒకటి. తుపాకీ పేలకూడదు. అది పూర్తి చేసి ఈ సమాధానం కిందే పెట్టండి. ఏ షాట్ ఎన్ని సెకన్లు తగ్గించాలో కూర్చుని చూసి చెబుతాను.